ఫస్టియర్ ల్యాబ్‌లో పెయిర్ ప్రోగ్రామింగ్: ఏ వారం ఏ అభ్యాసం ఇవ్వాలి?

పెయిర్ ప్రోగ్రామింగ్ అంటే ఇద్దరు కలిసి ఆలోచిస్తూ ఒకే ప్రోగ్రామ్ రాయడం. ఒక సిస్టమ్ ముందు ఇద్దరిని కూర్చోబెడితే చాలు, అది అయిపోదు. ఫస్టియర్ సీ ల్యాబ్‌లో ఎక్కువగా కనిపించేది ఇదీ: ఒకరు టకటకా కొట్టేస్తుంటారు, పక్కనున్నవాళ్లు ఔట్‌పుట్ వచ్చేదాకా ఆగి దాన్ని అబ్జర్వేషన్ బుక్‌లోకి దించుకుంటారు. పిల్లలకు శ్రద్ధ లేదని అనేస్తాం గానీ, చాలాసార్లు లోపం మనమిచ్చిన ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది. ఫ్యాక్టోరియల్, పాలిండ్రోమ్ లాంటివి ఒకరు ముందే బట్టీ పట్టి వస్తారు. ఇక రెండోవాళ్లకు చేయడానికి ఏం మిగులుతుంది?

అందుకే ఏ అభ్యాసం ఎంచుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: కీబోర్డు చేతిలో లేని విద్యార్థి వచ్చే పది నిమిషాలు ఏం చేస్తాడు? దానికి స్పష్టమైన జవాబు లేకపోతే ఆ లెక్క ఒంటరిగా చేయించడమే మేలు. ఇక్కడ ఆరు రకాల అభ్యాసాలను ఈ ప్రశ్నతోనే తూకం వేశాం. మనసులో పెట్టుకున్నది మూడు గంటల ల్యాబ్, ముప్పై మంది బ్యాచ్, సీ భాష. పైథాన్‌తో మొదలుపెట్టే చోట మారేవి అక్కడక్కడా చెప్పాం.

ముందు పేర్ల సంగతి. కీబోర్డు దగ్గరున్నవారు డ్రైవర్, పక్కన ఉండి చూస్తూ, ఆలోచిస్తూ, దారి చెప్పేవారు నావిగేటర్. 1990ల చివర్లో కెంట్ బెక్ ముందుకు తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ విధానంతో ఈ పద్ధతి కంపెనీల్లో ప్రచారంలోకి వచ్చింది. 1999లో యూటా విశ్వవిద్యాలయంలో లారీ విలియమ్స్ చివరి సంవత్సరం విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, జంటలకు ఇద్దరి సమయం కలిపి చూస్తే ఒంటరిగా చేసినవాళ్ల కంటే దాదాపు 15 శాతమే ఎక్కువ పట్టింది. తప్పులు మాత్రం తగ్గాయి. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పిల్లల మీద చార్లీ మెక్‌డోవెల్, లిండా వెర్నర్ తదితరులు ఇదే పద్ధతిని పరిశీలించారు. జంటగా చేసినవాళ్లలో కోర్సు మధ్యలో వదలకుండా పూర్తిచేసినవాళ్లు ఎక్కువ. ఒంటరిగా రాసిన చివరి పరీక్షలోనూ వాళ్లు వెనకబడలేదు. "జంటగా చేస్తే ఒకడి మీద ఇంకొకడు బతికేస్తాడు" అన్న భయం అన్నిచోట్లా నిజం కాదన్నమాట. అయితే ఆ తరగతుల్లో పాత్రలు మార్చుకోవడం లాంటి నియమాలు ఉండేవి. అవి లేకుండా ఆ ఫలితం ఆశించకూడదు.

మొదటి రెండు మూడు వారాలు: అంచనా వేసి రన్ చేయడం

ఎనిమిది పది లైన్ల ప్రోగ్రామ్‌ను కాగితం మీద ఇవ్వండి. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా ఔట్‌పుట్ ఏమొస్తుందో రాయాలి. తర్వాత పోల్చుకుని, తేడా ఉంటే వాదించుకుని, చివరికి టైప్ చేసి రన్ చేయాలి. ఇద్దరికీ ఒకేసారి పని ఉంటుంది కాబట్టి ఖాళీగా కూర్చునే ప్రశ్నే రాదు.

ఇద్దరి జవాబులూ తేడా వచ్చేలా ఉన్నదే మంచి ప్రోగ్రామ్. ఉదాహరణకు 5 / 2 * 2.0 ఎంత, 2.0 * 5 / 2 ఎంత? మొదటిది 4.0, రెండోది 5.0. లెక్క ఎడమ నుంచి కుడికి సాగుతుంది. మొదటి దాంట్లో ముందుగా రెండు పూర్ణాంకాల మధ్య భాగహారం జరిగి, అర ఎగిరిపోయి 2 మిగులుతుంది. స్కూల్ లెక్క ప్రకారం రెండూ ఒకటే కదా అని ఒకరు పట్టుబడతారు. ఆ పట్టుదల ఉన్నంతసేపు పాఠం నడుస్తున్నట్టే.

ఇది ఇరవై నిమిషాల పని. మూడు గంటలు దీంతోనే నింపితే నీరసం వస్తుంది. రోజుకు మూడు ప్రోగ్రామ్‌లు మించొద్దు.

సిస్టమ్‌లు చాలనప్పుడు, కరెంటు నమ్మలేనప్పుడు: ముక్కలు పేర్చడం

2006లో న్యూజిలాండ్‌లోని ఒటాగో పాలిటెక్నిక్‌కు చెందిన డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ ఈ పద్ధతిని ప్రచురించారు. అందుకే వీటిని పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. సరైన ప్రోగ్రామ్‌ను లైన్లుగా విడగొట్టి, కలగలిపి ఇస్తారు. విద్యార్థులు వరుసలో పేర్చాలి. ముప్పై మందికి పన్నెండు సిస్టమ్‌లు పనిచేస్తున్న డిగ్రీ కాలేజీకి ఇంతకన్నా అనువైనది మరొకటి లేదు. టైపింగ్ రానివాళ్లు, ఇంటర్‌లో బైపీసీ చదివి వచ్చినవాళ్లు కూడా మొదటి రోజే చెయ్యి వేయగలరు. సింటాక్స్ (భాష రాత నియమాలు) గుర్తులేదన్న భయం లేకపోతే ఆలోచన బయటికొస్తుంది.

తయారీలో కొన్ని జాగ్రత్తలున్నాయి. అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకుండా, లైన్ల మధ్య కత్తిరించడానికి చోటు వదిలి ఏ4 కాగితం మీద ప్రింట్ తీయండి. ఒక్కో జంటకు ఒక కవరు. ప్రతి ముక్క మూలన వరుస తప్పిన ఒక అక్షరం వేసి ఉంచితే, పేర్చాక ఆ అక్షరాలను పుస్తకంలో రాయమనవచ్చు. అప్పుడు పదిహేను జంటలవీ రెండు నిమిషాల్లో దిద్దేయొచ్చు. పన్నెండు ముక్కలు దాటించొద్దు. సీలో మూసే బ్రాకెట్లను విడి ముక్కలుగా ఇస్తే ఒకేలా ఉన్న నాలుగు ముక్కల మధ్య అనవసరమైన గందరగోళం పుడుతుంది. బ్రాకెట్‌ను దాని ముందు లైనుతో కలిపే ప్రింట్ చేయండి. పైథాన్‌లో అయితే ఎడమ వైపు ఖాళీలు తీసేసి ఇవ్వండి. ఏది లూప్ (మళ్లీ మళ్లీ నడిచే భాగం) లోపలికి వస్తుందో వాళ్లే జరిపి పెట్టాలి.

అసలు పట్టు ఉండేది తప్పు ముక్కల్లో. పట్టికలో (అర్రేలో) పెద్ద సంఖ్యను కనుక్కునే ప్రోగ్రామ్ తీసుకోండి. "మ్యాక్స్ = 0" అన్న ముక్క, "మ్యాక్స్ = ఏ[0]" అన్న ముక్క రెండూ కవరులో వేయండి. అలాగే "ఐ < ఎన్", "ఐ <= ఎన్" రెండూ పెట్టండి. ఏది తీసుకోవాలో తేల్చడానికి మాటలు కావాలి. -5, -2, -9 ఇచ్చి చూడమంటే, సున్నాతో మొదలుపెట్టిన జంటకు జవాబు 0 వస్తుంది. పట్టికలోనే లేని సంఖ్య అది! అలాంటి తప్పు ముక్కలు రెండు చాలు. నాలుగు పెడితే పేర్చడం మానేసి ఊహించడం మొదలుపెడతారు.

దీనికి ఒక పరిమితి ఉంది. ముక్కలు పేర్చడంలో ఆరితేరినవాళ్లు ఖాళీ స్క్రీన్ ముందు తెల్లమొహం వేయవచ్చు. అందుకే పేర్చిన ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టి, చూడకుండా మళ్లీ రాయమనండి. నాలుగైదు వారాల తర్వాత దీని పని తగ్గించండి.

మా ఓటు: తప్పులు పట్టడం

ఒక్క రకమే ఎంచుకోవాలంటే మేం దీన్నే ఎంచుకుంటాం. రాసి, తప్పులు పెట్టి ఉంచిన ప్రోగ్రామ్ ఇస్తాం. జంట వాటిని పట్టుకోవాలి. బట్టీ ఇక్కడ పనికిరాదు. ఒకరి కన్ను కంటే రెండు జతల కళ్లు నిజంగానే మెరుగయ్యే పని ఇది. పైగా లూపులు రాగానే మొదలుపెట్టి సెమిస్టర్ చివరిదాకా నడిపించవచ్చు.

ఏ తప్పులు పెట్టాలన్నదే కీలకం. సెమీకోలన్ తీసేయడం లాంటివి దండగ. కంపైలర్ ఎర్రర్ కొట్టి లైన్ నంబర్‌తో సహా చెప్పేస్తుంది, ఇద్దరికీ చర్చించాల్సింది ఏమీ ఉండదు. కంపైల్ అవుతూనే తప్పు జవాబిచ్చేవి పెట్టండి. ఒకటి దిద్దితేనే ఇంకొకటి బయటపడేలా ఉంటే ఇంకా మంచిది.

ఒక ప్రోగ్రామ్‌ను దగ్గరగా చూద్దాం. మార్కులు ఒక్కొక్కటిగా తీసుకోవాలి, -1 కొట్టగానే ఆగి సగటు చెప్పాలి. డూ-వైల్ లూప్‌తో రాశాం: లోపల ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్, ఆ వెంటనే సమ్‌కు (మొత్తానికి) కలపడం, కౌంట్ (ఎన్ని మార్కులో ఆ లెక్క) పెంచడం. సమ్, కౌంట్ రెండూ ఇంటీజర్లు, అంటే పూర్ణాంకాలు. చివర సమ్‌ను కౌంట్‌తో భాగించి ఫ్లోట్‌లో (దశాంశాలు పట్టే వేరియబుల్‌లో) పెట్టి ప్రింట్ చేస్తున్నాం. 70, 81, -1 ఇస్తే 75.50 రావాలి, వచ్చింది 50.00. నావిగేటర్ కాగితం మీద మూడు గడుల పట్టిక గీస్తాడు: మార్కు, సమ్, కౌంట్. మొదటి వరుస 70, 70, 1. రెండోది 81, 151, 2. మూడోది -1, 150, 3.

"రేయ్, ఆగరా. సమ్ ఎందుకు తగ్గింది?"
"ఎక్కడ తగ్గింది?"
"ఇదిగో, 151 నుంచి 150. మైనస్ ఒకటిని కూడా మార్కు అనుకుని కలిపేస్తోంది."

ఆగమని చెప్పే గుర్తును లెక్కలో కలపకుండా లూప్ మారుస్తారు. ఇప్పుడు 75.00 వస్తుంది. అంటే రెండో తప్పు బయటపడింది. 151ని 2తో పూర్ణాంకాల్లో భాగించాక ఫ్లోట్‌లో పెట్టారు, అప్పటికే అర పోయింది. ఇక్కడ ఇన్‌పుట్ ఎంపిక ఎంత ముఖ్యమో చూడండి. 70, 80 ఇచ్చి ఉంటే సగటు సరిగ్గా 75 వచ్చి ఈ తప్పు దాక్కునేది. "ఔట్‌పుట్ వచ్చేసింది సార్" అని చెయ్యెత్తేవాళ్లు. అందుకే ప్రశ్నాపత్రంలో ఒక్క ఇన్‌పుట్ కూడా ఇవ్వకుండా, ఏవి ఇచ్చి చూడాలో జంటనే నిర్ణయించుకోమనడం మంచిది.

సమ్‌ను ఫ్లోట్‌గా మార్చి భాగిస్తే 75.50 వస్తుంది. అయిపోయిందనుకుంటారు. మొదటి ఇన్‌పుట్టే -1 ఇవ్వమనండి. కౌంట్ సున్నా, సున్నాతో భాగహారం! లినక్స్ సిస్టమ్‌లో "నాన్" (సంఖ్య కాదు అని అర్థం) అని ఏదో వింత మాట ప్రింట్ అవుతుంది. ఫ్లోట్‌గా మార్చకముందే ఎవరైనా -1 ప్రయత్నిస్తే ప్రోగ్రామ్ కుప్పకూలి "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్" అంటుంది. భాగించింది పూర్ణాంకాలనే కదా అని పిల్లలు తికమకపడతారు. పూర్ణాంకాన్ని సున్నాతో భాగించినా లినక్స్ చూపించే పాత పేరు అదేనని చెప్పేయండి. ఈ మూడో తప్పు మొదట్లో కనపడనే కనపడదు. -1ని కూడా లెక్కలో కలిపినంతకాలం కౌంట్ కనీసం 1 ఉంటుంది కాబట్టి. ఒక తప్పు ఇంకో తప్పును కప్పి ఉంచగలదన్న సంగతి పద్నాలుగు లైన్లలో ఇంత బాగా తెలిసే చోటు అరుదు.

నడిపే తీరు ఇలా ఉంటే పనవుతుంది. మొదటి పది నిమిషాలు కీబోర్డు ముట్టుకోకూడదు, ప్రింట్ కాగితమే చేతిలో ఉండాలి. చాట్‌జీపీటీలో పేస్ట్ చేసే అలవాటును ఆలస్యం చేయడానికీ ఇది ఉపయోగపడుతుంది. ఏదైనా మార్చేముందు నావిగేటర్ మూడు సంగతులు రాయాలి: ఏ లైన్, ఎందుకు తప్పు, ఏ ఇన్‌పుట్‌కు బయటపడుతుంది. ఒకసారికి ఒకే మార్పు, వెంటనే రన్. మొత్తం మార్చదగ్గ లైన్లు ఐదు అని పరిమితి పెట్టండి. లేకపోతే తెలివైన డ్రైవర్ మొత్తం చెరిపేసి తనకు తెలిసిన ప్రోగ్రామ్ కొట్టేస్తాడు, నావిగేటర్ మళ్లీ ప్రేక్షకుడవుతాడు. ప్రతి తప్పు దొరకగానే పాత్రలు మార్చాలి.

స్కాన్‌ఎఫ్‌తో ముందు అంకె, తర్వాత ఒక అక్షరం చదివించే ప్రోగ్రామ్ కూడా ఈ రకానికి బాగా సరిపోతుంది. అక్షరం అడగకుండానే ప్రోగ్రామ్ దాటిపోతుంది. అంకె తర్వాత నొక్కిన ఎంటరే అక్షరంగా లోపలికి వెళ్లింది. స్కాన్‌ఎఫ్‌లో అక్షరం చదవమని చెప్పే పర్సెంట్ సీ ముందు ఒక్క ఖాళీ పెడితే సరి. సగం ల్యాబ్ సమయాన్ని తినేసే ఈ తప్పును అభ్యాసంగా ముందే ఇచ్చేస్తే, తర్వాత ప్రతి వారం "ఎందుకు ఆగట్లేదు మేడమ్" అన్న ప్రశ్న తగ్గుతుంది.

మొదటి నుంచి రాయించడం: చెప్పేవాళ్లు వేరు, కొట్టేవాళ్లు వేరు

మామూలుగా రాయిస్తే తెలిసినవాళ్లదే రాజ్యం. దానికి విరుగుడు స్ట్రాంగ్ స్టైల్. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది లెవెలిన్ ఫాల్కో అనే ప్రోగ్రామర్. ఆలోచన ఎవరిదో, చేతులు వాళ్లవి కాకూడదు. నాకో ఉపాయం తట్టిందంటే కీబోర్డు నీకిచ్చి నోటితో చెప్పాలి. ఒకరికి ప్రోగ్రామింగ్ కొంత వచ్చి, ఇంకొకరికి అసలు రాని జంటలకు ఇదే సరైనది. కాకపోతే తెలియనివాళ్లు డ్రైవర్‌గా మొదలుపెట్టాలి. తిరగేస్తే ఫలితం ఉండదు.

లెక్క ఇరవై, ఇరవై ఐదు లైన్లలో అయిపోవాలి. ల్యాబ్ సిలబస్‌లలో తరచూ కనిపించే కరెంటు బిల్లు చాలా బాగుంటుంది. శ్లాబులు మీరే ఇవ్వండి: మొదటి 50 యూనిట్లు 2 రూపాయల చొప్పున, తర్వాతి 50 మూడు చొప్పున, ఆపైవి ఐదు చొప్పున. 120 యూనిట్లకు 100 + 150 + 100 = 350 రూపాయలు. సగం జంటలైనా 120ని ఐదుతో గుణించి 600 తెస్తాయి. కోడ్ మొదలుపెట్టకముందే నావిగేటర్ 0, 50, 51, 100, 101, 120 యూనిట్లకు చేత్తో బిల్లు కట్టి ఉంచుకోవాలి: 0, 100, 103, 250, 255, 350. అంచుల దగ్గర తప్పు ఏ వైపు జారిందో ఈ ఆరు అంకెలే చెబుతాయి.

ఏడెనిమిది నిమిషాలకోసారి పాత్రల మార్పిడి చేయించండి. వింటూ కొట్టడం అలసట పుట్టిస్తుంది. చెప్పేవాళ్లు "ఫర్, బ్రాకెట్, ఐ ఈక్వల్ టు సున్నా" అని అక్షరమక్షరం చెబుతుంటే డిక్టేషన్ అయిపోతుంది. "ముందు 100 దాటిందో లేదో చూడు" అని ఉద్దేశం చెప్పమనండి. డ్రైవర్‌కు అర్థం కాకపోతేనే వివరాల్లోకి దిగాలి.

ఇంకో మాట. ఈ చర్చ తెలుగులో జరగనివ్వండి. ల్యాబ్‌లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలన్న నియమం పెడితే తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి నావిగేటర్ సీట్లో మౌనంగా కూర్చుంటాడు. అతనికి తర్కం రాక కాదు, వాక్యం రాక. వేరియబుల్ పేర్లు, కామెంట్లు ఇంగ్లిష్‌లో ఉంటే చాలు. వైవాకు ఇంగ్లిష్ సాధన వేరే పెట్టుకోవచ్చు.

రెండో సెమిస్టర్‌కు: పింగ్-పాంగ్

ఒకరు పరీక్ష రాస్తారు, ఇంకొకరు అది పాసయ్యేంత కోడ్ మాత్రమే రాస్తారు. తర్వాత అటూ ఇటూ. ఫంక్షన్లు రాకముందు ఇది పెట్టడం వృథా. వచ్చాక సీలోనూ పైథాన్‌లోనూ అసర్ట్ (చెప్పిన షరతు తప్పితే ప్రోగ్రామ్‌ను ఆపేసేది) ఉంటే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

లీపు సంవత్సరం ఫంక్షన్‌తో మొదలుపెట్టండి. మొదటి పరీక్ష 2024: అవునని రావాలి. ఎప్పుడూ అవుననే ఫంక్షన్ రాసినా పాసే. ప్రత్యర్థి 2023 ఇస్తాడు, నాలుగుతో భాగించి చూడక తప్పదు. తర్వాత 1900. నాలుగుతో నిశ్శేషంగా పోతుంది గానీ లీపు సంవత్సరం కాదు. వందల నియమం చేరుతుంది. అప్పుడు 2000, నాలుగు వందల నియమం. అవతలివాళ్ల కోడ్‌ను పడగొట్టే అంకె వెతకడంలో పిల్లలకు ఆట లాంటి ఉత్సాహం వస్తుంది. వరుస తప్పి 2000 ముందే ఇస్తే ఆ ఉత్సాహం తగ్గిపోతుంది. నాలుగు నియమమే దాన్ని పాస్ చేసేస్తుంది కాబట్టి. మొదటిసారి మాత్రం వరుసను మీరే ఇవ్వండి.

వద్దనేది: మినీ ప్రాజెక్టు

టిక్-టాక్-టో, లైబ్రరీ మేనేజ్‌మెంట్ లాంటివి రెండు వారాల గడువుతో జంటకు ఇస్తే వాళ్లు పనిని పంచుకుంటారు. బోర్డు నువ్వు, గెలుపు చూసేది నేను. చివరి రాత్రి రెండు ఫైళ్లూ అతికిస్తే వేరియబుల్ పేర్లే కలవవు. పంచుకోవడం కూడా నేర్చుకోవాల్సిందే గానీ అది పెయిర్ ప్రోగ్రామింగ్ కాదు. మొదటి సెమిస్టర్‌లో వద్దు.

ఏది ఎంచుకున్నా ఆగిపోయే చోట్లు

జంటలను రోల్ నంబర్ వరుసలో వేస్తే సెమిస్టరంతా అవే ఇద్దరు. స్నేహితులను ఎంచుకోమంటే ఎవరూ పిలవనివాళ్లు నలుగురు మిగులుతారు, ఆ నలుగురికీ ఆ రోజు ల్యాబ్ అవమానంగా మారుతుంది. మీరే వేయండి, మూడు వారాలకోసారి మార్చండి. స్థాయి దగ్గరగా ఉన్నవాళ్లను కలపండి. బాగా వచ్చినవాణ్ని అసలు రానివాడితో కలిపితే మేలు జరుగుతుందనుకోవడం సహజం. కానీ స్ట్రాంగ్ స్టైల్ లేకుండా అది ఒకరి ట్యూషన్, ఇంకొకరి మౌనం. బేసి సంఖ్య వస్తే ముగ్గురి జట్టు వేసి, మూడోవారికి ఇన్‌పుట్‌లు తయారుచేసే పని ఇవ్వండి.

పాత్రలు మార్చుకోమని కొట్టే గంట మీ చేతిలో ఉండాలి. వాళ్లకే వదిలితే జరగదు. మామూలు అభ్యాసాలకు పన్నెండు నిమిషాలు సరిపోతాయి. మారేటప్పుడు కుర్చీలు మారనక్కర్లేదు, కీబోర్డు జరిపితే చాలు. మానిటర్ ఇద్దరి మధ్యకు తిప్పి ఉంచండి. ఫాంట్ పెద్దది చేయండి. పక్కవారికి కనపడని స్క్రీన్ ముందు నావిగేటర్ ఉండడు.

హాస్టల్ నుంచి, ఇంటి నుంచి చేసేవాళ్లకు వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో లైవ్ షేర్ ఉంది. ఒకరు సెషన్ మొదలుపెట్టి లింక్ పంపితే రెండోవారు అదే ఫైల్‌లో టైప్ చేయగలరు. మొదలుపెట్టినవారి నెట్ పోతే సెషన్ పోతుంది. మాటలకు ఫోన్ కాల్ విడిగా పెట్టుకోవాలి. ఇద్దరికీ కర్సర్ ఉండటంతో పాత్రలు కలిసిపోతాయి. నావిగేటర్ వంతు వచ్చినవారు చదవడానికి మాత్రమే చేరితే ఆ గొడవ ఉండదు.

మార్కులన్నీ ఇద్దరికీ కలిపి ఇవ్వొద్దు. ప్రోగ్రామ్‌కు ఉమ్మడి మార్కులు సగం, విడివిడిగా అడిగే మూడు నిమిషాల వైవాకు సగం పెట్టండి. ఇద్దరిలో చివరిసారి డ్రైవర్ కానివారిని పిలవండి. వాళ్ల ప్రోగ్రామ్‌లోంచి ఒక లైన్ చెరిపేసి, కరెంటు బిల్లులో అయితే రెండో శ్లాబు లైన్, ఇప్పుడు 120 యూనిట్లకు ఎంత వస్తుందో రన్ చేయకుండా చెప్పమనండి. కాగితం, పెన్ను ఇవ్వండి. అంకె తప్పినా ఏ భాగం పోయిందో చెప్పగలిగితే మార్కులు వేసేయండి.